ముందు చక్రాలకు తాళం

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అది అబద్ధం. నా కోపం నాలుక మీద ఉంటుంది. ముక్కు మీదైతే తుడిచేసుకోవచ్చు. నాలుక మీదిది అవతలివాళ్ళ చెవిన పడ్డాక వెనక్కి తీసుకోవడం నా తరమా! ఈ బండి కథ చెప్పాలంటే ముందుగా అది ఒప్పుకోవాలి కాబట్టి ఒప్పుకుంటున్నాను.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. మా ఇంట్లో వెనకగది నాది, వీధి వైపు గది మా ఆయనది. నా గదినిండా మైనం, సున్నపు పిండి, పళ్ళ అచ్చులు. ఆయన గదినిండా కాగితాలు. పుస్తకాలవాళ్ళు పంపే ప్రూఫులు దిద్దడం ఆయన పని. ఎర్రకలం చేతిలో ఉంటే తప్పు కనపడ్డ చోటల్లా దిద్దాల్సిందే. సరుకుల చీటీలో నేను ‘పంచధార’ అని రాస్తే ‘పంచదార’ అని దిద్ది, కొట్టుకెళ్ళి పంచదార తేవడం మాత్రం మరిచిపోయి వచ్చే మనిషి.

మా ఊరికి పైన, కొండమీది ఊళ్ళో చిన్న రేడియో కేంద్రం ఉంది. సాయంత్రం ఆరింటి వార్తలు అక్కడ ముప్పై ఏళ్ళుగా ఒక్కరే చదువుతున్నారు. అందరూ ఆయన్ని వార్తల బాబాయ్ అంటారు. మాకు రక్తసంబంధం ఏమీ లేదు, ఆ గొంతుతోనే చుట్టరికం. రెండు నెలల కిందట ఆయన పళ్ళన్నీ తీసేశారు. కొత్తవి చేసే పని నాకు అప్పజెప్పారు. చిగుళ్ళు మానాయి, కొలతలు తీసుకున్నాను, పళ్ళు తయారయ్యాయి. ఇక తొడగడమే తరువాయి అనుకుంటుండగా వానలకి కొండరోడ్డు ఒకచోట కొట్టుకుపోయింది. బస్సులు ఆపేశారు. కిందటి గురువారం మా పాత వ్యానులో వెళ్తే, అక్కడ ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డ మనిషి నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ బళ్ళయితేనే వదులుతానన్నాడు. పళ్ళడబ్బా ఒళ్ళో పెట్టుకుని వెనక్కి వచ్చేశాం.

ఆ మర్నాడు పిన్ని ఫోన్ చేసింది. పిన్నంటే వార్తల బాబాయ్ భార్య.

“అమ్మాయ్, ఆయన కుర్చీలో ఒకమ్మాయిని కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళూ తాత్కాలికమే అన్నారు. నిన్న ఆఫీసరు కబురు పెట్టాడు. వచ్చే గురువారం ఆరింటికి ఈయనొచ్చి చదివితే సరే, లేదంటే ఆ అమ్మాయికే ఖాయం చేస్తారంట. ఈయనేమో ఇంట్లో నోరే విప్పట్లేదు. మంచినీళ్ళు కావాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నారు. ముప్పై ఏళ్ళు ఈయన నోరు మూస్తే బాగుండుననుకున్నాను. నా నోటి పుణ్యమే ఇదంతా!”

“ఒకసారి బాబాయ్‌కి ఇవ్వు పిన్నీ.”

చాలాసేపు గుసగుసలు వినపడ్డాయి. తర్వాత ఆయన ఊపిరి వినపడింది.

“హంహ్యాలు పోయాయమ్మా,” అన్నారు. అంతే. ఫోన్ పిన్ని చేతికి వెళ్ళిపోయింది.

ఏవి పోయాయో నాకు అర్థం కాలేదు. పక్కన నిలబడి వింటున్న మా ఆయన మాత్రం గబుక్కున అందుకున్నారు. “దంత్యాలు పోయాయంటున్నారు! త, థ, ద, ధ, న. నాలుక పళ్ళకి తగిలితేనే పలికే అక్షరాలవి. పాపం, అక్షరమాలలో ఒక వరుసకి వరుసే పోయింది ఆయనకి.”

“పిన్నీ, చెప్పు ఆయనకి. వచ్చే గురువారం ఆయన పళ్ళు ఆయన నోట్లో ఉంటాయి. ఇది నా మాట,” అనేశాను. ఫోన్ పెట్టాక తల పట్టుకుని కూర్చున్నాను.

ఎవరి బండిలోనైనా పళ్ళు పంపించవచ్చు కదా అంటారు. పంపితే అవి చూసుకోవడానికే పనికొస్తాయి. నోట్లో పెట్టి, ఎక్కడ ఒరుసుకుంటోందో చూసి, అక్కడికక్కడ అరగదీస్తే తప్ప అవి పళ్ళు కావు. పోనీ ఆయన్నే కిందికి రమ్మందామంటే, ఆ మలుపుల్లో ఆయనకి కళ్ళు తిరిగి కడుపులో తిప్పేస్తుంది. పళ్ళు తీయించుకోవడానికి దిగినప్పుడే మూడు రోజులు మంచం పట్టారు. ఇక మిగిలింది నేను వెళ్ళడం. వెళ్ళాలంటే ఫోర్ వీల్ బండి కావాలి. కొత్తది కొనే తాహతు మాకు లేదు. ఎలాగూ పాత వ్యాను మూలుగుతోంది, మార్చాల్సిందే.

మాకు అందే ధరలో పెట్రోలు బళ్ళే ఉన్నాయని లారీ నడిపే మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు ముందే అడ్డం తిరిగాడు. “పెట్రోలు ఫోర్ వీలా? వద్దక్కా. డీజిల్ తీసుకో. పెట్రోలు బండి నీళ్ళు తాగినట్టు తాగుతుంది.”

“తాగనీరా. నువ్వు టీ తాగినన్నిసార్లు తాగదులే.”

“పాత పెట్రోలు బండిని నమ్మడమెలాగే?”

“పాత డీజిలుని నమ్మినట్టే. చూసి నమ్మడం.”

చూడటమంటే నా పద్ధతిలో నేను చూశాను. పళ్ళ వెనక చూసే పొడుగు పిడి అద్దం ఒకటి, గుచ్చి చూసే సన్నటి ఊచ ఒకటి సంచిలో వేసుకుని బయల్దేరాను. మొదటి బండి తళతళలాడుతోంది. నిన్నే రంగు వేసినట్టున్నారు. కిందికి వంగి అద్దం పెట్టి చూసి, అడుగు చట్రాన్ని, అదే ఛాసిస్‌ని, ఊచతో తట్టాను. ఊచ కాస్తా లోపలికి దిగిపోయింది. పైన పన్ను మెరుస్తోంది, లోపలంతా పుప్పి. రెండో బండి దగ్గరికి పొద్దున్నే వెళ్తే ఇంజను అప్పటికే వెచ్చగా ఉంది. మేం రాకముందే తిప్పి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజను ఒక్కసారికి లేవదని ఆ పెద్దమనిషి చెప్పకనే చెప్పాడు. “పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం, ఏదో ఒకటి కొనేద్దాం,” అన్నారు మా ఆయన, నీరసం వచ్చి. “పళ్ళ సంగతి నాకు వదిలేయండి,” అన్నాను.

మూడోది వాన మాస్టారి బండి. ఆయన వాతావరణ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. పద్దెనిమిదేళ్ళు ఆ పెట్రోలు ఫోర్ వీల్ బండిలో కొండలన్నీ తిరిగి, ఎక్కడెక్కడో పాతిన వానకొలతల గొట్టాల్లో నీళ్ళు కొలిచి వచ్చేవారు. మోకాలికి ఆపరేషనయి, కాలు ఒక స్టూలు మీద చాపుకుని వరండాలో కూర్చుని ఉన్నారు. బండి సిమెంటు చేసిన వాకిట్లో ఉంది. రంగు వెలిసింది, సీటు ఒకచోట చిరిగింది. కానీ బానెట్ మీద చెయ్యి వేస్తే రాయిలా చల్లగా ఉంది. తాళం తిప్పాను. ఒక్క తిప్పుకి లేచింది. పొగ లేదు, దగ్గు లేదు. అద్దం పెట్టి అడుగంతా చూశాను. ఆయన నన్నూ నా అద్దాన్నీ చూసి మీసాల్లో నవ్వుకున్నారు.

“ఇది ఎక్కడా ఆగదమ్మా,” అన్నారు.

“అయ్యో, బ్రేకుల్లేవా మరి?”

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత కాలు నొప్పి మరిచిపోయి నవ్వారు. “ఉన్నాయమ్మా, ఉన్నాయి. మీరు ఆపితే ఆగుతుంది. తనంతట తను ఆగదు.”

“ఫోర్ వీల్ వేసి చూపించండి.”

“గట్టినేల మీద వెయ్యకూడదు, పళ్ళచక్రాలు పాడవుతాయి. బురదలో వేస్తేనే దాని సంగతి తెలిసేది. నేనా లేచి రాలేను. అంతా రాసి పెట్టాను, కాగితం బండిలోనే ఉంది.”

ఆ కాగితం చూశాను. పదకొండు వాక్యాలు, ముత్యాల్లాంటి చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు. నాకు బండి కంటే ముందు ఆ కాగితమే నచ్చింది. ఇంత శ్రద్ధగా రాసినవాడు బండిని నిర్లక్ష్యం చేసి ఉండడనుకున్నాను. బేరం అయిదు నిమిషాల్లో తెమిలిపోయింది.

ఇంటికొచ్చాక మా ఆయన ఆ కాగితం తీసుకుని తీరిగ్గా కూర్చున్నారు. నాకు భయమే వేసింది.

“దిద్దకండి, మహానుభావా! అది పుస్తకం కాదు.”

“దిద్దడానికేముంది, చక్కటి తెలుగు. ఒక్కచోట కామా పడాలి, అంతే. ఏడో వాక్యం చూడు. ‘బురదలోకి దిగేటప్పుడు ముందు చక్రాలకు తాళం వెయ్యాలి. బయటికి వచ్చాక తియ్యాలి.’ ఎలా చదవాలో తెలియట్లేదు. ‘ముందు’ తర్వాత కామా పెడితే అర్థం స్పష్టంగా ఉంటుంది.” పెట్టేశారు. ఎర్రగా, గుండ్రంగా, తోకతో సహా.

“అంటే?”

“అంటే మనం బండి దిగి బురదలోకి నడిచి వెళ్ళేటప్పుడు, ముందుగా చక్రాలకి తాళం వెయ్యాలి. పాపం ఆయన కొండల్లో బండి ఒంటరిగా వదిలేసి, బురదలో పడి ఆ గొట్టాల దాకా వెళ్ళేవాడు కదా! దొంగల భయం ఉండదూ? తిరిగొచ్చాక తాళం తీసుకునేవాడు.”

ఎంత చక్కగా అతికిందో చూశారా! నాకు రవ్వంత అనుమానం కూడా రాలేదు. ఆ సాయంత్రమే ఇనుప సామాన్ల కొట్టుకెళ్ళి బారెడు గొలుసు, గుప్పెడంత తాళంకప్ప కొనుక్కొచ్చాం. ముందు చక్రాల మధ్యలో గుండ్రటి మూతలాంటివి రెండు ఉన్నాయి. వాటి మీద ఏవో అక్షరాలు కూడా ఉండేవట. పద్దెనిమిదేళ్ళ బురదకి అవి అరిగిపోయాయి. అందంకోసం పెట్టారనుకున్నాను.

తర్వాతి నాలుగు రోజులూ నాకు భలే సంతోషంగా గడిచాయి. పొద్దున్నే తాళం తిప్పగానే బండి లేచేది. మా పాత వ్యానైతే ఇద్దరం తోస్తే తప్ప లేచేది కాదు, మూడో మనిషి కోసం వీధిలోకి చూడాల్సి వచ్చేది. ఎత్తయిన సీటులో కూర్చుని బజారంతా తిరిగాను. పని లేకపోయినా రెండుసార్లు సున్నపు పిండి కొనుక్కొచ్చాను. “పిండి కోసం బండా, బండి కోసం పిండా?” అన్నారు మా ఆయన. రెండోదే నిజం, చెప్పడానికి నాకేం సిగ్గు?

గురువారం మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. సన్నగా వాన పడుతోంది. పళ్ళడబ్బా నా సంచిలో, గొలుసు ఆయన కాళ్ళ దగ్గర. మూడున్నరకి ఎర్రజెండా మనిషి దగ్గరికి చేరాం. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి జెండా పక్కకి తీశాడు. రాణిలా దాటాను. యాభై గజాలు వెళ్ళాక రోడ్డు పోయి బురద మొదలైంది. కాగితంలో రాసినట్టే బండి ఆపి, చిన్న గేరు రాడ్డు వెనక్కి లాగి, మెల్లిగా యాక్సిలరేటర్ నొక్కాను. బండి పది అడుగులు వెళ్ళింది, పక్కకి జారింది, నిలబడిపోయింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. బండి మాత్రం కదలదు. అద్దంలో చూస్తే బురద చిమ్మి ఆకాశానికి ఎగురుతోంది.

“దిగి చూద్దాం,” అన్నాను.

“ఆగాగు. బురదలోకి దిగుతున్నాం,” అంటూ ఆయన గొలుసు తీశారు.

“ఏమండీ! కూరుకుపోయిన బండిని ఎవడెత్తుకుపోతాడు?”

“రాసినాయన తెలివితక్కువవాడు కాదు,” అని, మోకాలి లోతు బురదలో కూర్చుని, వెనక ఎడమ చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి, లాగి కూడా చూశారు.

నాలుగైంది. వాన పెరిగింది. ఆరింటికి ఒక మనిషి నోరు విప్పాలి, ఆ నోరేమో నా సంచిలో ఉంది. నాకు ఏడుపు వచ్చింది. నాకు ఏడుపొస్తే అది కోపంలా బయటికొస్తుంది. ఫోన్ తీసి వాన మాస్టారికి చేశాను.

“ఎక్కడా ఆగదన్నారు కదండీ! ఆగింది! కొండ మధ్యలో, బురదలో, మొండికేసిన గాడిదలాగ! మోకాలి కట్టు చూపించి, ముత్యాల్లాంటి అక్షరాలు చూపించి మోసం చేస్తారా? ఫోర్ వీల్ కాదిది, టూ వీల్! వెనక రెండే తిరుగుతున్నాయి! మీలాంటి పెద్దమనుషులుంటే ఇక దొంగలెందుకండీ?”

ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ రాయను. ఆయన అంతా విన్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అడిగారు.

“తాళం వేశారా అమ్మా?”

“వేశాం!”

“ఏ చక్రానికి?”

“వెనక ఎడమదానికి.”

“వెనకదానికా? దేంతో వేశారు?”

“గొలుసుతో. ఇంతలావు కప్పతో. లాగి చూశాం కూడా.”

ఆయన గొంతు వణికింది. నవ్వు ఆపుకుంటున్నారని నాకు తర్వాత తెలిసింది. “తల్లీ, అది ముందు చక్రాలకమ్మా! ముందరి చక్రాలు! వాటి మధ్యలో గుండ్రటి మూత ఉంటుంది చూడండి. దాన్ని కుడివైపుకి తిప్పితే ‘టక్’మంటుంది. దాన్నే తాళం అంటాం. రెండువైపులా తిప్పండి. అప్పటిదాకా ఇంజను బలం ముందు చక్రాలకి అందదు. పద్దెనిమిదేళ్ళు ఆ మాట అనీ అనీ, అందరికీ తెలుసనుకున్నాను. తప్పు నాదే.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కాగితం వైపు చూస్తున్నారు. వాన చినుకులకి ఎర్రకామా కరిగి, తోక కింది వాక్యం మీదికి కారుతోంది.

“ఇరవై రెండేళ్ళలో లేని తప్పు దిద్దడం ఇదే మొదటిసారి,” అన్నారు, పాలిపోయి.

“మొదటిసారో కాదో ఆ పుస్తకాలు కొన్నవాళ్ళని అడగాలి,” అన్నాను. ఆయన ముఖం చూసి మళ్ళీ నాకే జాలేసింది. నేనేం తక్కువ తిన్నానా? కామా ఆయనదైనా గొలుసు ఏరింది నేను. “సరేలెండి. అడుసు తొక్కాక కాళ్ళు కడుక్కోక తప్పదు. ముందు ఆ గొలుసు తియ్యండి.”

గొలుసు తీశాం. ఆయన కుడి చక్రం, నేను ఎడమ చక్రం. వేళ్ళు జారుతుంటే కొంగు చుట్టి తిప్పాను. టక్. అటు నుంచి కూడా టక్. ఎక్కి కూర్చుని రాడ్డు లాగి మెల్లిగా నొక్కాను. ముందునుంచి ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు బండి లేచింది. తొందర లేదు, జారడం లేదు. నాలుగు చక్రాలూ నాలుగు కాళ్ళలా ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ గట్టునెక్కింది. నాకు గట్టిగా కేక వేయాలనిపించింది, వేశాను. గట్టిరోడ్డు రాగానే బండి ఆపి, తాళాలు తీసి, మళ్ళీ వాన మాస్టారికి ఫోన్ చేశాను.

“మాస్టారూ, నన్ను క్షమించండి. అనరాని మాటలన్నాను. మీ బండి బంగారం.”

“అవతలికి చేరారా?”

“చేరాం.”

“అయితే నన్ను తిట్టిందంతా దారి ఖర్చు కింద రాసుకుంటాను,” అని పెట్టేశారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు పెద్దలు. అంత మంచి నోరు నాకెప్పుడొస్తుందో!

కొండమీదికి చేరేసరికి అయిదుంబావు. పిన్ని గుమ్మంలోనే ఉంది. మా బట్టలు చూసి నీళ్ళ బకెట్టు చూపించింది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని లోపలికి వెళ్ళాను. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కిటికీ పక్కన కూర్చున్నారు. రెండు నెలల్లో బుగ్గలు లోపలికి పోయి మనిషి సగమయ్యారు. నన్ను చూసి లేవబోయారు. నేనే కూర్చోబెట్టాను.

పైవరస పెట్టాను, కిందివరస పెట్టాను. తగిలిన చోట మరక పడే నీలం కాగితం కొరకమన్నాను. కింద ఎడమవైపు ఒక పన్ను ముందుగా తగులుతోంది. తీసి అరగదీశాను, మళ్ళీ పెట్టాను. ఇంకా తగులుతోంది. మళ్ళీ అరగదీశాను. గోడ గడియారం నా వీపు మీదే నడుస్తున్నట్టుంది. మూడోసారికి రెండువైపులా సమంగా కూర్చుంది. అయిదూ నలభై.

“త అనండి బాబాయ్.”

ఆయన భయంగా నా ముఖంలోకి చూశారు. “త.”

“ద.”

“ద. ధ.” కళ్ళు పెద్దవయ్యాయి. “న. నది. దానం. తాత. దంతం.” చెప్పకుండానే వరసపెట్టి అనేస్తున్నారు. “సంగతి” అన్నప్పుడు మాత్రం చిన్న ఈల వచ్చింది. ఆగిపోయారు.

“కొత్త పళ్ళు వారం రోజులు ఈల వేస్తాయి బాబాయ్. వెయ్యనివ్వండి. మీరు చదవండి.” ధైర్యంగానే అన్నాను కానీ, ఆ ఈల మైకులో ఇంకా పెద్దగా వినపడుతుందని నాకు తెలుసు. ఆఫీసరుకి అది చాలు కదా, వద్దనడానికి.

రేడియో కేంద్రం నాలుగిళ్ళ అవతలే. మా ఆయన గొడుగు పట్టి తీసుకెళ్ళారు. నేనూ పిన్నీ వంటింట్లో రేడియో ముందు నిలబడ్డాం. పిన్ని చేతిలో కడిగిన గ్లాసు ఉంది, దాన్నే తుడుస్తోంది, తుడిచిందే తుడుస్తోంది.

ఆరైంది. బీప్ వచ్చింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. కాగితం చప్పుడు వినపడింది.

“నమస్కారం. వార్తలు చదువుతున్నాను.”

పిన్ని గ్లాసు బల్ల మీద పెట్టేసింది. ఆ గొంతు నిండుగా, నెమ్మదిగా, ఒక్క అక్షరం మింగకుండా వస్తోంది. వాన ఎంత పడిందో చెప్పారు, రోడ్డు బాగుచేయడానికి మనుషులు వచ్చారని చెప్పారు, ఎవరిదో తప్పిపోయిన ఆవు సంగతి చెప్పారు. మూడుచోట్ల ఈల వచ్చింది. మూడుసార్లూ పిన్ని నా చెయ్యి గట్టిగా నొక్కింది.

“ఆఖర్న చూడు,” అంది గొంతు తగ్గించి. “ఆ అమ్మాయి ఎప్పుడూ ‘ఇంతటితో వార్తలు సమాప్తం’ అని ఊరుకునేది. రేపు కూడా తనే ఉంటుందో లేదో తనకే తెలీదు కదా పాపం. ఈయన మాత్రం ముప్పై ఏళ్ళూ రేపటి మాట చెప్పే లేచేవారు.”

“ఇంతటితో వార్తలు సమాప్తం,” అన్నారు బాబాయ్.

ఆగారు. పిన్ని చెయ్యి నా చేతిలో చల్లబడింది. స్టూడియో అద్దం అవతల ఆఫీసరు ఏం సైగ చేస్తున్నాడో మాకెలా తెలుస్తుంది? ఒక ఊపిరి వినపడింది.

“రేపు ఇదే వేళకి మళ్ళీ మీ ముందుంటాను. అందాకా సెలవు.”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్ని ఏడవలేదు. రేడియో దగ్గరికి వెళ్ళి, మనిషితో మాట్లాడినట్టే దాంతో అంది. “ఊరంతటికీ చెప్పారుగా, చాల్లెండి. ఇక ఇంటికొచ్చి నాతో మాట్లాడండి.”